గేదె నాకిన గోడ

మా అత్తగారు ఏటా వరద తీశాక పశువుల పాక గోడకి కొత్త ఒండ్రు మెత్తేవారు. అది పండగా కాదు, నోమూ కాదు, ఏ పంచాంగంలోనూ లేదు. అయినా ఆవిడ ఆ పని మానేయడం నేను కాపురానికి వచ్చాక ఒక్క ఏడాదే చూశాను. ఆ ఏడు నాకు చాలా నేర్పింది. నేర్పినది మాత్రం మనుషులు కాదు, ఒక గేదె.

మాది కపిలేశ్వరపురం దగ్గర గోదావరి గట్టు కింద ఊరు. పెరటి తలుపు తీసి గట్టెక్కితే ఏరు, ఏటి మధ్యలో లంక. లంకలో కొంత అరటి, కొంత కాయగూరలు, మిగిలిన మేరంతా గడ్డి. శ్రావణ భాద్రపదాల్లో ఎర్రనీరు వచ్చి లంకని ముంచుతుంది. నీరు దిగాక నేల మీద వెన్నలాంటి కొత్త మట్టి మిగులుతుంది. దాన్నే ఒండ్రు అంటాం. దాని మీద మొలిచిన గడ్డిని ఊళ్ళో గేదెలన్నీ ఏడాదంతా మేస్తాయి. పొద్దున్న వదిలితే ఏరు ఈదుకుంటూ వెళతాయి, సాయంత్రం ఎవరూ పిలవకుండానే ఈదుకుంటూ వస్తాయి.

నేను అమలాపురంలో పెరిగినదాన్ని. మా ఇంట్లో పాలంటే పాకెట్టు. కోపం నా ముక్కు మీద ఉంటుందని మా అమ్మ ముందే హెచ్చరించి మరీ పిల్లనిచ్చింది. ఇక్కడికొచ్చిన కొత్తలో పేడ వాసనకి ముక్కు మూసుకుంటే, "ముక్కు మూసుకుంటే ఆ కోపం ఎక్కడ కూర్చుంటదమ్మా?" అని మా అత్తగారు నవ్వేవారు. ఆవిడతో నాకు రోజూ పోట్లాటే, ఆవిడ లేకపోతే రోజే గడవదు.

మా అత్తగారి పెళ్ళిలో పుట్టింటివాళ్ళు అరణంగా ఒక గేదెపెయ్యని ఇచ్చారు. దాని కూతురు, ఆ కూతురి కూతురు, అలా వరసగా పాకలో ఎప్పుడూ ఆ సంతతే ఉండేది. నేను వచ్చేనాటికి పాక నిండుగా కళకళలాడేది. తరవాత కొన్ని ముసలివై పోయాయి, కొన్నింటికి దున్నలే పుట్టాయి, చాకిరీ చేసేవాళ్ళు లేక కొన్నింటిని ఇచ్చేశాం. నేను చెప్పే ఏడాదికి మిగిలింది ఒక్క గేదె. అదీ చూడితో ఉంది. అది పోతే పుట్టింటి నుంచి వచ్చిన వరస అక్కడితో తెగిపోతుంది. ఆ మాట ఆవిడ పైకి అనలేదు గానీ, దాని పొట్ట మీద చెయ్యి వేసి ఎంతసేపు నిలబడేవారో చూస్తే ఎవరికైనా తెలిసేది.

ఆ ఏడు వరద రాలేదు. ఎగువన వానల్లేవన్నారు. ఎర్రనీరు రంగు చూపించి, లంక అంచులు తడిపి వెళ్ళిపోయింది. మొదట నేను సంతోషించాను. వరదంటే నాకు పడదు. ఇంట్లోకి పాములొస్తాయి, కరెంటు పోతుంది, గట్టు మీద కాపలా అంటూ మా ఆయన ఇంటి మొహమే చూడరు. ఈసారి ఆ గొడవ లేదు కదా అనుకున్నాను. మా అత్తగారు మాత్రం ఒండ్రు మోసే ఖాళీ తట్ట బోర్లించి, చేటలూ బుట్టలూ పెట్టే అటక మీద పెట్టేశారు.

"పోనీ చెరువు మట్టి తెప్పిద్దామాండీ, అత్తయ్యగారూ? గోడ బీటలు తీసింది" అన్నాను.

"చెరువు మట్టి చెరువు గట్టుకే. దీనికి గోదారమ్మ ఇచ్చిందే మెత్తాలి. ఇయ్యలేదు, మెత్తలేదు. అంతే."

"సిమెంటు చేయించేస్తే ఏటా ఈ తద్దినం ఉండదు కదండీ."

"ఆయ్. నువ్వు చేయించు, నేను చూస్తాను" అన్నారు. ఆయ్ అంటే ఇక్కడ ఔనని. ఆ గొంతులో మాత్రం ఆయ్ అంటే కాదని అర్థం చేసుకోవడానికి నాకు పెద్దగా కాలం పట్టలేదు.

కోనసీమలో కరువంటే ఎవరూ నమ్మరు. ఎటు చూసినా కొబ్బరి చెట్లు పచ్చగానే ఉంటాయి. కాలవలో నీళ్ళు వంతులవారీగా వదులుతున్నా ఏదో ఒకరోజు వస్తూనే ఉంటాయి. కరువు మెట్ట వాళ్ళకి గానీ మనకేంటి అనుకుంటాం. అందుకే అది మా ఊరికి వచ్చినప్పుడు గుమ్మంలోంచి రాలేదు. ఏటి మధ్యలో, ఎవరూ పెద్దగా చూడని గడ్డిలోకి వచ్చి కూర్చుంది.

సంక్రాంతి వెళ్ళేసరికే లంక రంగు పోయింది. మంచు ఆరగానే గడ్డి పాత చాపలా కనిపించేది. ఏటి పాయ ఎండి ఇసక తేలింది. ఒకరోజు గేదెని తోలుకుని నేనూ వెళ్ళాను. రోజూ ఈత మొదలుపెట్టే చోటికి రాగానే అది ఆగింది. అక్కడ చుక్క నీరు లేదు. అయినా మెడ ముందుకు చాచి, ముట్టె పైకెత్తి, ఈదడానికి సిద్ధమైనట్టు కాసేపు నిలబడింది. తరవాత ఇసకలో నడిచి వెళ్ళింది. నాకు నవ్వొచ్చింది, అది ఇసక దాటేదాకా మాత్రం అక్కడే నిలబడి చూశాను.

మేత లేకుండా పోలేదు. అదే మమ్మల్ని మోసం చేసింది. ఎండుగడ్డి లంక నిండా ఉంది. గేదె పొద్దంతా మేసేది, డొక్కలు నింపుకుని వచ్చేది. అయినా వెన్నుపూస లెక్కపెట్టేలా తేలింది. పేడలో జిగురు పోయి అన్నీ పుల్లలే. పిడక చేస్తే గోడకి అంటుకోకుండా రాలిపోయేది. పాకలో ఉన్న తవుడు కూడా అయిపోవచ్చింది. మేత బాగానే ఉంది కదా అని కుడితిలో తవుడు తగ్గించేశాం.

అప్పటినుంచి దానికి వింత బుద్ధులు మొదలయ్యాయి. దండెం మీద ఆరేసిన నా చీర కొంగు నమిలింది. గోనెసంచి నమిలింది. మా ఆయన తువ్వాలు సగం మింగాక లాగాం. ఒకనాడు లంకలోంచి వచ్చేటప్పుడు దాని నోట్లో ఏదో టకటకలాడుతోంది. చూస్తే ఎప్పటిదో తెల్లటి బొమిక! గడ్డి తినే జంతువు బొమిక నమలడం చూసి మా అత్తగారి మొహం పాలిపోయింది. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీశారు. నిప్పుల్లో వేస్తే కోరు, అదే మిరప ఘాటు, రాలేదని, అంటే దిష్టి గట్టిదేనని తేల్చారు.

తరవాత అది గోడ నాకడం మొదలుపెట్టింది.

పాకకి పడమటి వైపు ఉన్న మట్టి గోడ అది. గేదె నాలిక ఆకురాయిలా ఉంటుంది. మొదట చిన్న మరక, తరవాత చిప్పంత గుంట, కొన్నాళ్ళకి చిన్న మూకుడు పట్టేంత లోతు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇంట్లో తిండి లేనట్టు గోడలు తింటావేమే!" అని తిట్టి వేపాకు నూరి ఆ చోట పట్టించాను. అది వేపాకు పూసిన మేర వదిలేసి పక్కన నాకింది. తుమ్మ కంప అడ్డం పెట్టాను. కంప సందులోంచి నాలిక చాపింది. నాతో పంతానికి దిగిన జీవాల్లో మా అత్తగారి తరవాత అదే.

ఒక ఉదయం ఎండ ఏటవాలుగా పాకలోకి పడింది. ఆ గుంట పూడ్చడానికి చెంబుతో నీళ్ళు, చేట్లో మట్టీ పట్టుకుని వెళ్ళిన నేను అలాగే నిలబడిపోయాను. గుంట లోపల చారలున్నాయి. ఒక చార నల్లగా, ఒకటి ఎర్రగా, ఒకటి పలచగా ఇసక రంగులో, మళ్ళీ నలుపు. పూతరేకు విరిచినప్పుడు అంచున పొరలు కనిపించినట్టు, ఒకదాని మీద ఒకటి. గేదె నున్నగా నాకడంతో ఒక్కో పొరా విడివిడిగా తెలుస్తోంది.

"అత్తయ్యగారూ, ఓసారి ఇలా రండి!" అని కేకేశాను.

ఆవిడ చేతి పని వదిలి వచ్చారు. వంగి చూశారు. చూపుడువేలు పైన పొర మీద పెట్టి, మెల్లగా లోపలికి జరుపుతూ వెళ్ళారు.

"ఇది ఈ వరద రాని ఏటికి ముందుది. ఇది ఆ ముందుది. ఇదిగో ఈ ఇసక చార చూసేవా? ఆ ఏడు లంకంతా ఇసక మేట వేసేసింది. గడ్డి పుట్టక అందరం గోలెత్తిపోయేం. దాని కిందది, నల్లగా ఉంది చూడు, అది పెద్ద వరదది. గట్టు మీదే వండుకు తిన్నాం. ఆ తరవాత గడ్డి మనిషెత్తు పెరిగిందమ్మా. పాలు పట్టడానికి గిన్నెలు చాలేవి కావు." ఆవిడ వేలు ఇంకా లోపలికి వెళ్ళి ఆగింది. "ఇది నేను మొట్టమొదట మెత్తింది. మా అత్తగారు పక్కన నిలబడి, అలా కాదు ఇలా అని చెప్పేరు."

నేను అంతకుముందు ఆ గోడని గోడగానే చూశాను. ఎన్ని వరదలు, ఎన్ని ఊళ్ళు దాటి, ఎక్కడెక్కడి కొండల్లోనో అరిగి వచ్చిన మట్టి! మా పెరట్లో, మా గేదె మూతి ఎత్తులో, చల్లగా కూర్చుని ఉంది. చేట్లో తెచ్చిన మట్టి అక్కడే పారబోసి వచ్చేశాను. ఆ గుంట పూడ్చడానికి చేతులు రాలేదు.

చైత్రంలో గేదె ఈనింది. పెయ్య! మా అత్తగారు ఆ మాట విని పాక గుమ్మంలోనే కూలబడి నవ్వారు. వరస తెగలేదు. తల్లి పాలు తగుమాత్రంగానే ఉన్నాయి, జున్ను కూడా పలచగా వచ్చింది. అయినా ఆ రోజు వీధిలో ప్రతి ఇంటికీ గిన్నెతో పంపించారు.

పెయ్య కాస్త గంతులెయ్యడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక పొద్దున్న పాక తుడుస్తూ చూద్దును కదా, గేదె మూత్రం ఎర్రగా ఉంది. మధ్యాహ్నానికి కాఫీ డికాక్షను రంగుకి వచ్చింది. గేదె తల వేలాడేసింది. మేత ముట్టలేదు. నెమరు ఆపేసింది. కళ్ళ లోపల ఎర్రగా ఉండాల్సినది తెల్లగా పాలిపోయింది.

"వేడి చేసేసింది" అన్నారు మా అత్తగారు. ఎండలు మండుతున్నాయి, ఒట్టి ఎండుగడ్డి తింది, మూత్రం రంగు మారింది. మాకు అందరికీ అదే తోచింది. వేడి చేస్తే కోనసీమలో మందు ఏమిటో చిన్న పిల్లనడిగినా చెబుతుంది. మా ఆయనది కొబ్బరి వ్యాపారం. గెలలు గెలలుగా బొండాలు దింపించి, గుమ్మం ముందు కూర్చుని కొట్టడం మొదలుపెట్టారు. వెదురు గొట్టంతో నేనూ మా అత్తగారూ పట్టించాం. ఒక గొట్టం అది మింగితే ఒకటి మా చీరల మీద. "నాకు కామెర్లు వచ్చినప్పుడు కూడా ఇన్ని బొండాలు కొట్టలేదు ఈయన" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

మర్నాడు అది లేవలేదు. మూత్రం నల్లబడింది. పెయ్య వచ్చి పొదుగు కుమ్ముతుంటే తల కూడా తిప్పలేదు. మా అత్తగారు దాని మెడ కింద చెయ్యి పెట్టి కూర్చున్నారు. "నా తల్లే, నా పుట్టిల్లా, లేవవే" అన్నారు. నాకు భయమేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది కాబట్టి బొండాలన్నీ ఒక్క తన్ను తన్ని, పశువుల డాక్టరుగారికి ఫోను చేశాను.

ఆయన మోటారుసైకిలు మీద వచ్చారు. కళ్ళ రెప్ప తీసి చూశారు, మూత్రం మరక చూశారు. తరవాత అడిగిన ప్రశ్న నేను అనుకున్నది కాదు.

"ఈనక ముందు ఇది ఏవన్నా నాకిందా అమ్మా? గుడ్డలూ, మట్టీ, బొమికలూ లాంటివి?"

నేనూ మా అత్తగారూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. నేను గోడ వైపు చెయ్యి చూపించాను. ఆయన గుంట దగ్గరికి వెళ్ళి తల ఊపారు.

"వేడి కాదండీ ఇది. ఒంట్లో భాస్వరం పడిపోయింది. అది లేకపోతే నెత్తురు లోపలే విరిగిపోయి ఇలా వచ్చేస్తది. బొండాలు ఆపండి. గొట్టంతో పట్టేరంటే ఊపిరితిత్తుల్లోకి పోద్ది, దాంతోనే ప్రాణం పోద్ది." మాట్లాడుతూనే సూది సిద్ధం చేసి మెడ నరానికి ఎక్కించారు.

"భాస్వరం ఎందుకు పడిపోయింది బాబూ? మేత ఆపలేదే!" అన్నారు మా అత్తగారు.

"మేతలో లేదండి మరి. లంకకి వరద రాలేదు, కొత్త ఒండ్రు పడలేదు. పాత నేలలో ఉన్నది కూడా గడ్డికి అందలేదు. తడుంటేనే వేరు దాకా కదులుద్దండి అది. నేల ఎండిందంటే వేరుకి జానెడు అవతల ఉన్నా ఉన్నట్టు కాదు. పైపెచ్చు గడ్డి ఎండేటప్పుడు ఆకులో ఉన్న బలం వేళ్ళలోకి లాగేసుకుంటది, తను బతకాలి కదా. మీ గేదె తిన్నది పుల్లలు. కడుపు నిండింది, ఒళ్ళు నిండలేదు. పైగా చూడి, తరవాత పాలు. ఉన్నదంతా పిల్లకి ఇచ్చేసింది."

"మరి గోడ?" అన్నాను.

"గోడలో మందుందని కాదమ్మా నాకింది. తనకి ఏదో లేదని అడిగింది."

ఆ మాట నాలోపల ఎక్కడో దిగిపోయింది. గాదె నిండా ధాన్యం ఉండి తాళంచెవి ఏట్లో పడిపోయినట్టు, నేల నిండా ఉన్నా నీరు లేక గడ్డికి అందలేదు, గడ్డికి లేక గేదెకి అందలేదు. మాకెవరికీ తెలియలేదు. ఆ మూగజీవానికి తెలిసింది. చీరలో వెతికింది, గోనెలో వెతికింది, ఎప్పుడో చచ్చిన జంతువు ఎముకలో వెతికింది, చివరికి పాత వరదల మట్టిలో వెతికింది. నేనేమో వేపాకు పూశాను. నోరు లేని దానికి అంత తెలివి ఎవరిచ్చారని ఇప్పటికీ ఆశ్చర్యపోతాను.

డాక్టరుగారు మినరల్ మిక్చరు పొట్లాలిచ్చి, తవుడు బాగా పెంచమని చెప్పి, "నెమరేస్తే నాకు ఫోన్ చెయ్యండి. వెయ్యకపోయినా చెయ్యండి" అని వెళ్ళారు. మేం పాకలో కూర్చున్నాం. మా అత్తగారు భోజనానికి రాలేదు, నేనూ పిలవలేదు. మా ఆయన గుమ్మంలో బొండాల డొక్కలు ఏరుతూ, ఏరినవే మళ్ళీ ఏరుతూ తిరిగారు. పొద్దు గూకే వేళకి గేదె గొంతులో ఏదో ఉండ పైకి పాకింది. దవడ పక్కకి కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది.

"వేస్తోంది! నెమరేస్తోందే అమ్మాయ్!" అని మా అత్తగారు నా భుజం పట్టుకుని ఊపేశారు. ఆ దవడ కదలడం కంటే గొప్ప దృశ్యం నేను సినిమాల్లో కూడా చూడలేదు. ఏడ్చేశాను. కోపం ఉన్నవాళ్ళకి ఏడుపు కూడా ముక్కు మీదే ఉంటుందని మా అత్తగారు తరవాత చాలారోజులు ఎగతాళి చేశారు.

మరో సూదితో అది లేచి నిలబడింది. మూత్రం రంగు తేరింది. కానీ బక్కచిక్కి, కాళ్ళు తడబడుతూనే వేసవి గడిపింది. తవుడు, మిక్చరు తింటున్నా అప్పుడప్పుడు గోడ వైపు వెళ్ళేది. నేను అడ్డం వెళ్ళలేదు.

మృగశిరలో మొదటి వాన పడింది. రెండు మూడు జల్లులు తగిలాక లంక చూద్దామని గట్టెక్కాను. చాపలా చచ్చిపడి ఉన్న గడ్డి మొదళ్ళ నుంచి పచ్చటి మొనలు లేస్తున్నాయి. విత్తిన వాళ్ళు లేరు, ఎరువు చల్లిన వాళ్ళు లేరు. అన్నాళ్ళూ ఆ వేళ్ళు తమలో దాచుకున్నది, నేల తనలో బిగించుకున్నది, నీటి చుక్క తగలగానే ఇచ్చేస్తున్నాయి. నేను చెప్పులు విప్పేశాను. ఎందుకు విప్పానంటే చెప్పలేను, తొడుక్కుని నిలబడబుద్ధి కాలేదు.

శ్రావణంలో ఎర్రనీరు వచ్చింది. లంక మునిగింది. మా పెరట్లోకి పాము వచ్చింది, కరెంటు పోయింది, మా ఆయన గట్టు మీద కాపలాకి వెళ్ళిపోయారు. అరటి పోయిన వాళ్ళు నెత్తిన చేతులు పెట్టుకున్నారు, వాళ్ళని చూస్తే జాలేసింది. అయినా నేను ప్రతి పూటా గట్టెక్కి ఆ చిక్కటి నీళ్ళని చూసేదాన్ని. అందులో లంకకి ఎంత గడ్డి వస్తోందో, ఎన్ని పాలు వస్తున్నాయో! వరదని తిట్టని ఏడు నా కాపురంలో అదే మొదటిది.

నీరు తీశాక మా అత్తగారు అటక మీది తట్ట దింపారు. ఇద్దరం పడవెక్కి వెళ్ళి కొత్త ఒండ్రు తెచ్చాం. పేడా ఊకా కలిపి తొక్కాం. పాక గోడకి పై నుంచి మెత్తుకుంటూ వచ్చి, గుంట దగ్గర ఆవిడ చెయ్యి ఆపారు. గుంట చుట్టూ మెత్తి, అంచు నున్నగా దిద్ది, లోపల మాత్రం వదిలేశారు.

"అది కూడా పూడ్చేద్దామాండీ? గేదె ఇప్పుడు దాని వంక కూడా చూడటం లేదు కదా" అన్నాను.

"తల్లి చూడటం లేదు. పెయ్య ఉంది కదమ్మా" అన్నారు, చేతులు కడుక్కుంటూ. "రేపు దానికి ఏదన్నా తక్కువైతే మనకి తెలీదు. అడగడానికి దానికో చోటు ఉండద్దూ?"

పెయ్య వచ్చి గుంట వాసన చూసి, తుమ్మి, తల్లి దగ్గరికి పరిగెత్తింది. నేను తట్ట కడిగి బోర్లించాను.